బుజ్జీ, ఆ మెయిల్ పంపేముందు ఇది చదువు

బుజ్జీ,

నీ ఫ్యాన్ సైట్ కోసం ఆ గాయనిని ఇంటర్వ్యూ అడగబోతున్నావని మీ నాన్న చెప్పగానే గర్వంగా అనిపించింది, వెంటనే భయం కూడా వేసింది. పత్రికలో ఉన్నన్నాళ్లూ ఇలాంటి ఇంటర్వ్యూల కోసమే తిరిగినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

మెయిల్ చిన్నగా రాయి. నువ్వెవరు, సైట్ ఏమిటి, నెలకి ఎంతమంది చూస్తారు (ఉన్నదే రాయి, పెంచకు), ఎన్ని నిమిషాలు కావాలి, ఫోన్‌లోనా మెయిల్‌లోనా, ఎప్పుడు వేస్తావు. చాలు. ఆవిడ పాటలంటే నీకెంత ప్రాణమో ఒక్క వాక్యంలో చెప్పు, మూడు పేజీలు చదివే ఓపిక మేనేజర్‌కి ఉండదు. కొత్త ఆల్బమ్ వచ్చే ముందు అడుగు, అప్పుడైతే వాళ్లకీ నీ అవసరం ఉంటుంది. వారం పది రోజులు చూసి ఒక్కసారి గుర్తుచెయ్యి. ఇంటి అడ్రస్ పట్టుకుని గేటు దాకా వెళ్లావంటే మాత్రం నేనే వచ్చి చెవి మెలేస్తాను.

"నేను ఆవిడ మేనేజర్ని, అపాయింట్‌మెంట్‌కి ఇంత పంపు" అనేవాళ్లు సోషల్ మీడియాలో తగులుతారు. ఎక్స్‌లో బ్లూ టిక్ 2022 చివరి నుంచి చందా కట్టినవాళ్లకీ ఇస్తున్నారు, అది చూసి నమ్మకు. ఆవిడ అధికారిక వెబ్‌సైట్‌లో ఉన్న మెయిలే వాడు. డబ్బు అడిగితే అక్కడితో ఆపెయ్.

నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. నాతో పనిచేసిన కుర్రాడొకడు, నీలాగే వీరాభిమాని, ఎంతో తిరిగి తనకిష్టమైన నటుడి ఇంటర్వ్యూ సంపాదించాడు. బ్రహ్మాండంగా జరిగింది. టేప్ ఆపేసి లేవబోతుంటే ఆయన వాళ్లమ్మ జబ్బు సంగతి చెప్పుకుని బాధపడ్డాడు. అభిమాని కాబట్టి చెప్పాడు తల్లీ, విలేకరికైతే చెప్పేవాడు కాదు. వీడు వ్యాసాన్ని ఆ మాటతోనే మొదలుపెట్టాడు, మోసం చెయ్యాలని కాదు, ఆయన ఎంత మంచి కొడుకో అందరికీ తెలియాలని. ఇంట్లోవాళ్లు అప్పటిదాకా ఆ తల్లికి చెప్పకుండా దాచారట, ఆవిడకి తన జబ్బు సంగతి మా పత్రిక చదివాకే తెలిసింది. ఆయన తిట్టలేదు, "నువ్వు మావాడివనుకున్నాను" అని మాత్రం అన్నాడట. నా పక్క సీట్లో కూర్చుని ఆ పిల్లాడు ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేదు. ఆ తర్వాత ఆ నటుడి సినిమా ఒక్కటి కూడా చూడలేకపోయాడు.

అందుకని రికార్డ్ చెయ్యొచ్చా అని ముందే అడుగు. కాలిఫోర్నియా లాంటి చోట్ల అవతలివాళ్ల అనుమతి లేకుండా ఫోన్లో ఆంతరంగికంగా మాట్లాడుకున్నది రికార్డ్ చేస్తే నేరం కూడా. రికార్డింగ్ ఆపాక చెప్పినది ఎంత బాగున్నా, మళ్లీ అడగందే వెయ్యకు. ఫొటోలు వాళ్లిచ్చినవే పెట్టు, గూగుల్లో కనిపించేవి తీసిన ఫొటోగ్రాఫర్ల సొత్తు.

ప్రశ్నల గురించి నాకు బెంగ లేదు. ఏ పాటలో ఏ చరణం దగ్గర ఆవిడ ఊపిరి తీసుకుంటుందో నీకు తెలుసు, ఎంత పేరున్న విలేకరికైనా అది తెలీదు. అలాంటివే అడుగు. మెయిల్ రాశాక ముందు నాకు పంపు, చూసి చెప్తాను. వాళ్ల జవాబు ఏదొచ్చినా వెంటనే ఫోన్ చెయ్యి.

పెదనాన్న