2015 నాటి ఫొటోలతో బెదిరిస్తున్నాడు, నా మీద కేసు పెట్టగలడా?

ప్రశ్న: నేను గేని. వయసు 44, ప్రభుత్వ ఉద్యోగిని, పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో ఎవరికీ తెలియదు. 2015లో నాతో సన్నిహితంగా ఉన్న వ్యక్తి అప్పటి ఫొటోలు దాచుకుని, ‘ఆ రోజుల్లో అది నేరమే, 377 కేసు పెడతా, మీ అమ్మకీ ఆఫీసుకీ పంపుతా’ అంటూ డబ్బు గుంజుతున్నాడు. రెండుసార్లు యూపీఐలో పంపాను. పాత విషయానికి ఇప్పుడు ముద్దాయినవుతానా?

జవాబు: కారు. ఇద్దరూ మేజర్లు, ఇద్దరికీ ఇష్టమే అయితే ఆ కేసు నిలవదు. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ (పాత శిక్షాస్మృతి ఐపీసీలోది) నుంచి 2009లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఊరటను 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు కొట్టేసింది కాబట్టి, 2015లో అది నేరమే అన్నంతవరకు అతని మాట నిజం. (ఆ లెక్కన తానూ ముద్దాయేనని చెప్పి ఉండడు లెండి.) 2018 సెప్టెంబరు 6న నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో అయిదుగురు జడ్జీలూ ఏకాభిప్రాయంతో ఆ నేరాన్ని తీసేశారు. ముగిసిన కేసులు తిరగదోడరు, పెండింగ్ కేసులకు తీర్పు వర్తిస్తుంది. అసలు కేసే లేని మీ సంగతి వేరే చెప్పాలా! ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు.

150 ఏళ్లలో 377 కింద విచారణ ఎదుర్కొన్నది 200 మంది లోపేనని 2013 తీర్పు రాసింది, అదేదో చిన్న విషయమన్నట్టు. కోర్టు గడప తొక్కకుండానే ఆ సెక్షన్ ఎందరి నోళ్లు నొక్కిందో ఆ అంకెలో కనపడదు. చట్టం రాసినవాళ్లకు మాత్రం తెలుసు. 1860 నాటి ఐపీసీలో 388, 389 సెక్షన్లు తీసి చూడండి: 377 నేరం అంటగడతానని భయపెట్టి డబ్బు గుంజితే యావజ్జీవం దాకా వేయొచ్చన్నారు. అయితే ఆ ఫిర్యాదు ఇవ్వాలంటే బాధితుడు స్టేషన్లో తన గుట్టు తనే విప్పాలి, ఆపైన తనే ముద్దాయి కావాలి. ఎవరెళతారు?

ఇప్పుడు మీరు వెళ్లొచ్చు. పరువు తీస్తానని భయపెట్టి డబ్బు తీసుకుంటే న్యాయ సంహిత 308(2) కింద ఏడేళ్ల దాకా జైలు, అదీ నాన్‌బెయిలబుల్. ఫిర్యాదులో మీ జీవితమంతా రాయక్కర్లేదు. ‘నా వ్యక్తిగత ఫొటోలు బయటపెడతానని బెదిరించి ఫలానా తేదీల్లో ఇంత తీసుకున్నాడు’ అంటే చాలు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోన్ చేయండి. స్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు ఉన్నారు. మెసేజ్‌లు చెరపకండి, ఆ ఫోన్ మార్చకండి, ఇక రూపాయి పంపకండి.

ఉద్యోగం గురించి: భాగస్వామితో ఉన్న వీడియో బయటికొచ్చిందని ఉత్తరప్రదేశ్‌లో ఒక హోంగార్డును తీసేస్తే, 2021లో అలహాబాద్ హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసి మళ్లీ చేర్చుకోమంది.

ఒకటి దాచకుండా చెప్పాలి. లైంగిక దాడి కేసుల్లో బాధితుల పేరు గోప్యంగా ఉంచినట్టు ఇక్కడ ఉంచరు. ఎఫ్‌ఐఆర్‌లో మీ పేరుంటుంది, దాని కాపీ అతనికీ అందుతుంది. కాబట్టి అమ్మగారికి మీ నోటితో ముందే చెప్పాలా వద్దా అన్నది ఫిర్యాదుకు ముందే తేల్చుకోండి. ముందు లీగల్ నోటీసు పంపిద్దామని ఎవరైనా లాయరు అంటే ఒప్పుకోకండి. అది అందిన గంటలో అతను తన ఫోన్లో అన్నీ చెరిపేస్తాడు.