కాళ్ల నొప్పులకు కొలెస్ట్రాల్ మాత్రే కారణమా?

ప్రశ్న: నా వయసు 57. పదకొండేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. చెడు కొలెస్ట్రాల్ 142 ఉందని పది నెలల క్రితం డాక్టర్ అటోర్వాస్టాటిన్ 20 మి.గ్రా. రాశారు. ఇప్పుడది 81కి దిగింది. కానీ అయిదు నెలలుగా కాళ్లు లాగేస్తున్నాయి. రైతు బజారుకు నడిచి వెళ్తుంటే సగం దారిలోనే పిక్కలు, ముఖ్యంగా కుడి పిక్క పట్టేస్తోంది. కాసేపు ఆగితే తగ్గుతుంది. మూడు నెలల సగటు షుగర్ కూడా 7.2 నుంచి 7.5కు పెరిగింది. ఈ మాత్ర కండరాలను దెబ్బతీస్తుందని, షుగర్ పెంచుతుందని తెలిసినవాళ్లు చెబితే ఇరవై రోజుల క్రితం మానేశాను. నొప్పిలో పెద్దగా తేడా లేదు. మళ్లీ వేసుకోవాలా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ ఉత్తరం చదువుతూ రైతు బజారు దారి దగ్గర ఆగిపోయాను. నడిస్తే పిక్క పట్టేయడం, నిలబడితే కొద్ది నిమిషాల్లో సర్దుకోవడం, మళ్లీ నడక మొదలుపెడితే దాదాపు అంతే దూరంలో మళ్లీ పట్టేయడం... కాలికి రక్తం తీసుకెళ్లే నాళాల్లో కొవ్వు పూడుకుపోయినప్పుడు నొప్పి సరిగ్గా ఇలాగే ఉంటుంది. కూర్చున్నప్పుడు ఆ కాస్త రక్తం సరిపోతుంది, నడిచేటప్పుడు చాలదు. పదకొండేళ్ల షుగర్ ఉన్నవారిలో ఈ అనుమానం ముందు రావాలి. పొగ తాగే అలవాటు సంగతి మీరు రాయలేదు. ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. అదే నిజమైతే, కాలి నాళాలను కాపాడే మందునే మీరు నేరస్థురాలిని చేసి పక్కన పెట్టినట్లవుతుంది. నా భయం అదే.

అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మాత్రలను స్టాటిన్లు అంటారు. వాటి వల్ల వచ్చే నొప్పి తీరు వేరు. సాధారణంగా రెండు కాళ్లలోనూ సమానంగా, తొడల్లో, తుంటి దగ్గర, పిక్కల్లో ఒళ్లు నొప్పుల్లా ఉంటుంది. మెట్లెక్కాలన్నా, కింద కూర్చుని లేవాలన్నా కష్టమవుతుంది. మాత్ర మొదలుపెట్టిన లేదా మోతాదు పెంచిన కొద్ది వారాల్లో మొదలై, ఆపేస్తే చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది. మీకు అయిదు నెలల తర్వాత మొదలైంది, ఒక కాల్లోనే ఎక్కువగా ఉంది, ఇరవై రోజులు మానేసినా తగ్గలేదు. మాత్రను పూర్తిగా నిర్దోషి అనను గానీ, సాక్ష్యం దాని మీదకు అంతగా పోవడం లేదు.

షుగర్ ఉన్నవారి కాళ్లకు ఇంకా బాధలుంటాయి. రాత్రిపూట అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు ఉంటే నరాల దెబ్బ. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బి12 తగ్గి అవే తిమ్మిర్లు రావచ్చు. థైరాయిడ్ తగ్గినా కండరాలు లాగుతాయి. నా దగ్గరికి వచ్చే ఒక టీచరమ్మ కొలెస్ట్రాల్ మాత్రను మూడుసార్లు మానేసి, మూడుసార్లు మొదలుపెట్టారు. తీరా చూస్తే, థైరాయిడ్ తగ్గినప్పుడు రక్తంలో పెరిగే టీఎస్‌హెచ్ ఆమెకు 20 దాటి ఉంది. థైరాయిడ్ మాత్ర సరిపడా ఇచ్చాక ఆ స్టాటిన్‌నే ఇప్పుడు ఏ ఇబ్బందీ లేకుండా వేసుకుంటున్నారు.

ఇక షుగర్ సంగతి. స్టాటిన్లు షుగర్‌ను కొంచెం పెంచుతాయన్నది నిజమే, మీకు చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు. కానీ మీరు వాడిన మోతాదులో ఆ పెరుగుదల మూడు నెలల సగటులో సుమారు 0.1 మాత్రమే. మీ 0.3లో మిగతాది వేరే చోట వెతకాలి. కాళ్ల నొప్పితో నడక తగ్గిందేమో ఒకసారి ఆలోచించండి. ఆ కాస్త షుగర్‌ను ఆహారంతోనో మందు మార్పుతోనో సరిచేయవచ్చు. గుండెపోటు వచ్చాక దాన్ని వెనక్కి తీసుకురాలేం.

ఆ మాత్ర మీకు చేసే మేలు ఎంత? మీలాగే షుగర్ ఉండి, అప్పటికి గుండె జబ్బు లేని 2,838 మంది మీద బ్రిటన్, ఐర్లండ్‌లలో జరిగిన కార్డ్స్ అధ్యయనం 2004లో వెలువడింది. అందులో ఇచ్చింది అటోర్వాస్టాటిన్ 10 మి.గ్రా. మాత్రమే. గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాలు 37 శాతం తగ్గాయి. లాభం అంత స్పష్టంగా కనిపించడంతో అనుకున్నదానికి రెండేళ్ల ముందే అధ్యయనాన్ని ఆపేశారు. ఇలాంటివారు వెయ్యి మందికి నాలుగేళ్లు ఇస్తే కనీసం 37 మందికి ఆ మొదటి ప్రమాదం తప్పుతుందని లెక్క తేలింది.

ఈ వారంలోనే మీ డాక్టర్‌ను కలవండి. మాత్ర మానేసిన సంగతి దాచకండి, కోప్పడతారని చాలామంది చెప్పరు. పాదం మీద, చీలమండ దగ్గర నాడి చూడమనండి. చేతి బీపీని చీలమండ బీపీతో పోల్చే చిన్న పరీక్ష ఉంది, నొప్పి ఉండదు. దానితో పాటు సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే రక్తపరీక్ష), టీఎస్‌హెచ్, బి12, విటమిన్ డి, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), లివర్ పరీక్షలు అవసరం. సీపీకే మామూలుగా ఉంటే మాత్రను మళ్లీ మొదలుపెట్టడానికి డాక్టర్ ఒప్పుకుంటారనే నా నమ్మకం. నాళాల్లో పూడిక ఉందని తేలితే చెడు కొలెస్ట్రాల్ 81 ఉన్నా చాలదు, 70 కంటే బాగా కిందికి దించాలి.

నొప్పి నిజంగా మాత్ర వల్లేనని తేలినా దారులున్నాయి. మోతాదు తగ్గించవచ్చు, రోసువాస్టాటిన్ అనే మరో స్టాటిన్‌ను తక్కువ మోతాదులో రోజు విడిచి రోజు ఇవ్వవచ్చు, స్టాటిన్ కాని కొలెస్ట్రాల్ మందు ఎజెటిమైబ్ కలపవచ్చు. స్టాటిన్ అసలే పడనివారికి బెంపెడోయిక్ యాసిడ్ ఉంది. అయితే అది యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది, గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల వాపు) ఉన్నవారు ముందే చెప్పాలి.

మళ్లీ వాడేటప్పుడు ఒక్క జాగ్రత్త. మూత్రం కోలా రంగులోకి మారినా, కండరాలు విపరీతంగా నొప్పి పుట్టి బలహీనపడినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. చాలా అరుదు, కానీ ఆలస్యం చేయకూడదు. జలుబు, గొంతునొప్పికి క్లారిత్రోమైసిన్ వంటి యాంటిబయాటిక్ రాస్తే అటోర్వాస్టాటిన్ వాడుతున్నానని చెప్పండి. ఆ రెండూ కలిస్తే కండరాలకు ప్రమాదం పెరుగుతుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు ఓ రెండు రోజులు రైతు బజారు దారిలోనే నడిచి, ఎన్ని అడుగుల తర్వాత పిక్క పట్టేస్తోందో, ఎన్ని నిమిషాలు ఆగితే తగ్గుతోందో కాగితం మీద రాసుకోండి. విశ్రాంతిలో ఉన్నా పాదం నొప్పి పెడుతున్నా, వేళ్ల మధ్య మానని పుండు కనిపించినా ఆ రెండు రోజులు కూడా ఆగకండి, అదే రోజు వెళ్లండి.