బాబును బడిలో వేసే ముందు ఈ నాలుగు మాటలు విను

అమ్మలూ,

బాబును ప్రైవేటు స్కూలు మాన్పించి మండల పరిషత్ బడిలో ఒకటో తరగతిలో వేస్తున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఎంత సంతోషం వేసిందో, అలాంటి బళ్లలోనే కదా నా సర్వీసంతా గడిచింది. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. నీకు కాగితాలంటే మొదటినుంచీ నిర్లక్ష్యం.

జూన్ 12న బడి తెరుస్తారు. బ్యాగు, పుస్తకాలు, బూట్లు బడిలో ఇచ్చే కిట్‌లో వస్తాయి, తొందరపడి బయట కొనకు. మధ్యాహ్న భోజనంలో పెట్టే గుడ్డు తినడని క్యారేజీ కట్టి పంపకు, నలుగురితో కూర్చుంటే వాడే తింటాడు. ఐదేళ్లప్పుడు వేసే డీపీటీ బూస్టర్ టీకా పడిందో లేదో కార్డు తీసి చూడు. ఆగస్టులో, ఫిబ్రవరిలో నులిపురుగుల మాత్ర వేస్తారు, ఆ రోజు భయపడి బడి మాన్పించొద్దు.

ఇక అసలు విషయం, పుట్టిన తేదీ. మీ నాన్న 1957 భోగి నాడు పుట్టాడు. 1961లో తాతయ్య వాణ్ని బడికి తీసుకెళ్లినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. ఐదేళ్లు నిండాయా అని పంతులుగారు అడిగారు. లేదంటే చేర్చుకోరేమోనని తాతయ్య నిండాయన్నారు. పంతులుగారు 1-6-1956 అని రాసేసుకున్నారు. ఇద్దరికీ మా వాడు చదువుకోవాలన్న ఆశే తప్ప మరో ఉద్దేశం లేదు. ఆ రోజుల్లో జూన్, జులై నెలల్లో పుట్టినట్టు రాయించుకున్న పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు.

ఆ తేదీయే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి ఎక్కింది, అక్కణ్నుంచి సర్వీసు రిజిస్టర్‌లోకి. మార్పించుకోవాలని మీ నాన్న ఎన్ని ఆఫీసులు తిరిగినా బడిలో ఉన్నదే లెక్క అన్నారు. ఒకటో తేదీన పుట్టినవాళ్లకు ముందు నెల ఆఖరి రోజే రిటైర్మెంట్ కదా, వాడు 58 నిండి 2014 మే 31న దిగిపోయాడు. జూన్ 2 నుంచి అమల్లోకి వచ్చేలా రిటైర్మెంట్ వయసును మన ఆంధ్రప్రదేశ్‌లో 60కి పెంచారు. అసలు తేదీ ఉండి ఉంటే 2017 జనవరి దాకా ఉద్యోగం ఉండేది. నువ్వప్పుడు బీటెక్ రెండో ఏడాదిలో ఉన్నావు. ఫీజు కోసం నాన్న ఎక్కడెక్కడ అడిగాడో నీకు చెప్పి ఉండడు. వాడు చెప్పడు కాబట్టే నేను చెబుతున్నాను.

అందుకని బర్త్ సర్టిఫికెట్ ఒరిజినల్ పట్టుకుని నువ్వే వెళ్లు, మీ ఆయన మీద వదిలేయకు. హెడ్‌మాస్టర్ గారు రాస్తుంటే చూడు, రాశాక చదివి వినిపించమని అడుగు. తప్పుగా అనుకోరమ్మా, అలా అడిగే తల్లంటే మాకు గౌరవమే. పేరు, ఇంటిపేరు బర్త్ సర్టిఫికెట్లో ఎలా ఉన్నాయో ఆధార్‌లోనూ, బడి రిజిస్టర్‌లోనూ, ఆన్‌లైన్‌లోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నా రేపు అపార్ నంబర్, అదే పిల్లలకిచ్చే విద్యార్థి ఐడీ, దగ్గర పేచీ వస్తుంది. వాడికి ఐదు దాటాయి కాబట్టి ఆధార్‌లో వేలిముద్రలు కూడా వేయించాలి, ఏడేళ్ల లోపు డబ్బులు తీసుకోరు. ఈ నెలలోనే కానిచ్చెయ్.

హాజరు సంగతి కూడా గుర్తుంచుకో. పెళ్లిళ్లకీ జాతరలకీ పిల్లాణ్ని వెంటేసుకుని వారాలకు వారాలు వెళ్లిపోయావంటే చదివే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులకు కావాల్సిన 75 శాతం హాజరు కూడా దాటదు. డబ్బులు పోతే పోనీ, ఒకటో తరగతిలో అక్షరాలు పట్టుబడే నెలలు పోతే ఎవరు తెచ్చిస్తారు? బడి గ్రూపులో మెసేజ్ రాగానే చదువు, నూట యాభై మెసేజ్‌లు పేరుకున్నాక కాదు.

మొదటివారం ఏడుస్తాడు, ఏడవనీ. గేటు దగ్గరే నిలబడిపోకు, వాడు నిన్ను చూసినకొద్దీ ఇంకా ఏడుస్తాడు.

ఇంకొకటి. స్కూలు కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం ఆడవాళ్లుండాలని చట్టం. నువ్వు నిలబడితే బాగుంటుందని నాకుంది. సరేనంటే చెప్పు, మీటింగుల రోజుల్లో బాబును చూసుకోవడానికి నేనొస్తాను.

మీ అత్త