గుడ్డు ముందు, ప్రొటీన్ తర్వాత

అమ్మాయ్,

పిండంలో వేళ్లు ఎలా మొలుస్తాయన్న నీ వ్యాసం అందింది. భాష బాగుంది, అక్షరదోషాలు లేవు. ఇక అసలు సంగతి.

రెండో పేజీలో "సోనిక్ హెడ్జ్‌హాగ్ ప్రొటీన్ కణాలను వేళ్లుగా మారమని ఆజ్ఞాపిస్తుంది" అని రాశావు. అక్కడే కాగితాలు పక్కన పడేశాను. ఎవరు చూశారమ్మా ఆ ఆజ్ఞని? 11 ప్రొటీన్ల పేర్లు రాశావు, ఒక్క కోడిగుడ్డు లేదు!

నేను మొదట్నుంచీ మొత్తుకునేది ఒకటే. ఎవరో చేత్తో చేసిన పని ముందు రాయాలి, ప్రొటీన్ పేరు తర్వాత. ఈ కథ జరిగిన వరసా అదే. 1968లో అమెరికాలో జాన్ సాండర్స్, మేరీ గాసెలింగ్ కోడిగుడ్డు మీద తమ ప్రయోగం వెల్లడించేనాటికి ఈ ప్రొటీన్ ఊసే లేదు. పొదగేసిన మూడో రోజుకో నాలుగో రోజుకో పెంకుకు చిన్న కిటికీ కోస్తే లోపల పచ్చసొన మీద ఎర్రటి రక్తనాళాల అల్లిక కనబడుతుంది. దాని మధ్య పిండం, పిండం పక్కన రెక్క మొలవబోయే బుడిపె. ఆ బుడిపె వెనకంచు నుంచి పిసరంత ముక్క కోసి, ఇంకో బుడిపె ముందంచున పెట్టారు. గుడ్డు మూసి మళ్లీ పొదగనిచ్చారు. కోడి రెక్కకు మామూలుగా మూడే వేళ్లు, వాటిని అప్పట్లో 2, 3, 4 అని లెక్కపెట్టేవారు. ఈ పిల్లకు వచ్చినవి 4, 3, 2, 2, 3, 4. అద్దం ఎదురుగా పెట్టినట్టు తిరగబడి రెట్టింపయ్యాయి.

అంటే ఆ పిసరులోంచి ఏదో ఊరుతోంది. ఏమిటది? హార్వర్డ్‌లో క్లిఫ్ టాబిన్ బృందం అది సోనిక్ హెడ్జ్‌హాగ్ అని చూపించింది 1993లో. మధ్యలోని 25 ఏళ్లను నువ్వు ఒక్క కామాతో దాటేశావు.

ఆ 25 ఏళ్లలోనే నీ ఆజ్ఞకు జవాబుంది. 1976లో లండన్‌లో కెరిల్ టికిల్, లూయిస్ వోల్పర్ట్ వాళ్లు ఎలుక పిండం కాలిమొగ్గలోంచి అదే చోటి ముక్క కోసి కోడి రెక్కబుడిపెలో పెట్టారు. వచ్చింది ఎలుక వేలు కాదు, కోడి వేలే! ఊరేది ఎక్కడిదైనా, ఏం కావాలో తేల్చుకునేది అందుకున్న కణమే. పెట్టిన ముక్కలో కణాలు కొద్దిగా ఉంటే అదనంగా 2వ వేలొక్కటే వస్తుంది, ఎక్కువుంటే 3, 4 కూడా వస్తాయి. ఎంత చేరిందన్నదాంతోపాటు ఎంతసేపు అందిందన్నదీ లెక్కేనని తర్వాత తెలిసింది. ఇదే ప్రొటీన్ వెన్నుపాములో నాడీకణాల రకాల్ని విడదీస్తుంది, ముఖంలో రెండు కళ్లు వేరుపడటానికీ ఇదే కావాలి. 1950లలో అమెరికాలోని ఐడహోలో ఒంటికన్ను గొర్రెపిల్లలు పుట్టాయి కదా, చూలు నిలిచిన 14వ రోజున తల్లి కార్న్ లిల్లీ అనే అడవి మొక్క మేస్తే. ఆ మొక్కలోని సైక్లోపమైన్, కణం పొరలో ఉండే స్మూతెన్డ్ అనే ప్రొటీన్ దగ్గర సోనిక్ హెడ్జ్‌హాగ్ కబురును ఆపేస్తుంది. అంతటి సంగతిని తీసుకెళ్లి ఫుట్‌నోట్‌లో పెట్టావు, ఈగల పిండాల మీద పనిచేసి 1995లో నోబెల్ అందుకున్నవాళ్ల బయోడేటాకు మాత్రం పేజీ ఇచ్చావు.

తప్పు నీదొక్కదానిదే అనను. ఒక ఆదివారం అనుబంధం ఎడిటర్ నా వ్యాసంలో గుడ్డు పేరా అంతా కొట్టేసి, మెలితిరిగిన డీఎన్‌ఏ నిచ్చెన బొమ్మ వేశాడు. పాఠకులకు ఓపిక ఉండదట! ఆ ఓపిక లేనిది ఆయనకే. ఇప్పుడేమో ప్రతి వ్యాసమూ "మీకు తెలుసా?" అని మొదలై, వీడియో గేమ్ పేరు పెట్టారన్న ముచ్చటతో ముగుస్తోంది. నువ్వూ ఆ ముచ్చటకు సగం పేజీ ఇచ్చావు. తీసెయ్.

నేను జువాలజీ చెప్పే రోజుల్లో హేచరీ నుంచి పొదిగే గుడ్లు తెచ్చి (కొట్లో గుడ్లు పనికిరావు) పిల్లల ముందు కిటికీ కోసేవాణ్ణి. మూడో రోజు గుండె కొట్టుకుంటూ ఉంటుంది, ఆవగింజంత. వెనక బెంచీవాళ్లు కూడా బెంచీలెక్కి చూసేవారు. గుడ్ల బిల్లు పెడితే ప్రిన్సిపాల్ "ఆమ్లెట్లకా?" అని కొట్టేశాడు. ఆ డబ్బులు నా జేబులోంచే పోయాయి. ఇంట్లో కోసినప్పుడు ఒక ట్రే కుళ్లి, ఇంటావిడ ఇల్లు ఖాళీ చెయ్యమంది. రాయడం నాకు అక్కడే వచ్చింది, ఏ వర్క్‌షాపులోనూ కాదు.

నీ వ్యాసంలో నన్ను ఆపేసిన వాక్యం ఇంకొకటుంది. మూడో పేజీలో బ్రాకెట్లలో: "మా మేనత్త కొడుక్కి ఆరు వేళ్లు, అదృష్టమంటారు". అంతే రాసి వెళ్లిపోయావు! ఆ ఆరోది ఎటువైపుంది, బొటనవేలి పక్కనా, చిటికెనవేలి పక్కనా? చిటికెనవేలి వైపైతే కారణాలు వేరే ఉండొచ్చు. బొటనవేలి వైపైతే మాత్రం కథ సాండర్స్ గుడ్డు దాకా వెళ్లొచ్చు. సోనిక్ హెడ్జ్‌హాగ్‌ను తయారుచేసే జన్యువును చేతిమొగ్గలో ఎక్కడ నడపాలో చెప్పే డీఎన్‌ఏ తునక ఒకటి దానికి దాదాపు 10 లక్షల అక్షరాల దూరంలో, ఇంకో జన్యువు మధ్యలో ఉంది. అందులో ఒక్క అక్షరం మారినా చాలు, చిటికెనవేలి వైపే, అంటే బుడిపె వెనకంచునే, ఊరాల్సిన ప్రొటీన్ బొటనవేలి వైపూ ఊరొచ్చు. సాండర్స్ కత్తితో చేసిన పనే అది. ఆ బ్రాకెట్లు విప్పి, వ్యాసం అక్కడ మొదలుపెట్టు.

పత్రికల సంగతి, పుస్తకం సంగతి తర్వాత చూద్దాం. మీ బావని అడిగి రాయి. పీడీఎఫ్ పంపకు, ఫోన్‌లో చదవడం నా వల్ల కాదు, కాగితం మీద పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు