ఐవీఎఫ్‌లో పిండాలకు జన్యు పరీక్ష చేయిస్తే గర్భం నిలుస్తుందా?

మీకు 36 ఏళ్లు, మొదటి ఐవీఎఫ్ ఫెయిలైంది, ఇప్పుడు డాక్టర్ పీజీటీ-ఏ (పిండంలో క్రోమోజోములు సరైన సంఖ్యలో ఉన్నాయో లేదో చూసే జన్యు పరీక్ష) చేయిద్దామంటున్నారు, చేయిస్తే ఈసారి గ్యారంటీయేనా అని అడిగారు. గ్యారంటీ ఏమీ లేదండి. ఉన్న పిండాల్లో ఏది ముందు పెట్టాలో, ఏది వద్దో చెప్పడమే ఆ పరీక్ష పని. పాడైన పిండాన్ని అది బాగుచేయదు, లేని పిండాన్ని తెచ్చివ్వదు.

నేను చేయించుకున్నప్పుడు నాకు 38. అంతకుముందు అబార్షన్లు అయ్యాయి. ఒకసారి ఆ కణజాలాన్ని ల్యాబ్‌కి పంపితే 16వ క్రోమోజోమ్ రెండుకి బదులు మూడు ఉన్నాయని తేలింది. అబార్షన్లలో తరచుగా కనిపించే తేడాల్లో ఇదొకటి. కాబట్టి నాకు ఈ పరీక్ష రాయడానికి ఒక కారణం ఉంది. మీ విషయంలో కారణమేంటో మీ డాక్టర్ని సూటిగా అడగండి. చైనాలో 20 నుంచి 37 ఏళ్ల మధ్య ఉన్న 1212 మంది మీద జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. పరీక్ష చేయించుకున్నవాళ్లలో 77.2 శాతం మందికి, చేయించుకోనివాళ్లలో 81.8 శాతం మందికి బిడ్డలు పుట్టారు. అబార్షన్లు మాత్రం పరీక్ష చేయించుకున్నవాళ్లలో కాస్త తక్కువ. వాళ్లందరికీ కనీసం మూడు మంచి పిండాలు ఉన్నాయని గుర్తుంచుకోండి. మీకు ఒకటో రెండో వస్తే లెక్క వేరు.

ఐదో రోజుకో ఆరో రోజుకో బ్లాస్టోసిస్ట్ (పైపొర, లోపలి కణాలు వేరుగా కనిపించే దశ) అయిన పిండం పైపొర నుంచి నాలుగైదు కణాలు తీసి ల్యాబ్‌కి పంపుతారు. పిండాన్ని ఫ్రీజ్ చేస్తారు. రిపోర్ట్ వచ్చేదాకా టెన్షనే టెన్షన్. నా మొదటి రిపోర్ట్ ఫోన్‌కే వచ్చింది. ఒక్కో పిండానికి ఒక్కో గ్రాఫ్: కింద 1 నుంచి 22 దాకా క్రోమోజోమ్ నంబర్లు, మధ్యలో ఒక గీత, గీత వెంబడి చుక్కలు. ఒకదాంట్లో 22 దగ్గరికొచ్చేసరికి చుక్కలన్నీ గీత కిందికి దిగిపోయాయి, అంటే ఆ క్రోమోజోమ్ ఒకటి తక్కువ. ఇంకోదాంట్లో 16 దగ్గర పైకి లేచాయి, అంటే ఒకటి ఎక్కువ, మళ్లీ అదే 16. ఒక్కటీ నార్మల్ కాదు. ఆడో మగో తెలిపే భాగం రిపోర్టులో ఉండదు, మన దేశంలో అది చెప్పడం నేరం. మా అత్తగారైతే "అంత డబ్బు కట్టించుకుని ఆ ముక్క కూడా చెప్పరా" అని ల్యాబ్‌వాళ్ల మీద విసుక్కున్నారు.

ఆ రోజు బాగా ఏడ్చాను. కానీ ఆ పిండాలన్నీ ఒక్కొక్కటే పెట్టించుకుని ఉంటే ఏళ్లు గడిచిపోయేవి, మధ్యలో ఇంకో అబార్షన్ అయినా అయ్యేది. నా వయసులో ఆ టైమే ఖరీదైంది.

తర్వాతి సైకిల్‌లో ఒకటి నార్మల్, ఒకటి మొజాయిక్ వచ్చాయి. మొజాయిక్ అంటే తీసిన కణాల్లో కొన్ని సరిగ్గా, కొన్ని తేడాగా ఉన్నట్టు. నార్మల్ దాన్నే ముందు పెట్టారు. నెగెటివ్. క్రోమోజోములు సరిగ్గా ఉన్నంత మాత్రాన పిండం అతుక్కుంటుందని లేదు, ఈ మాట ముందుగా గట్టిగా చెప్పేవాళ్లు తక్కువ. మొజాయిక్ దాన్ని పెట్టడానికి మా క్లినిక్ మొదట ఒప్పుకోలేదు. జెనెటిక్ కౌన్సెలర్‌తో రెండు గంటలు కూర్చున్నాం. మొజాయిక్ పిండాలతో ఆరోగ్యంగా బిడ్డలు పుట్టిన కేసులు 2015లోనే ఇటలీ డాక్టర్లు ప్రచురించారని, తేడా తక్కువ శాతం ఉంటే అవకాశం బాగానే ఉంటుందని ఆవిడ వివరించారు. పెట్టించుకున్నాం, నిలిచింది. పరీక్షకు తీసిన పైపొర మాయగా (ప్లాసెంటాగా) మారేది, బిడ్డ తయారయ్యేది లోపలి కణాల నుంచి. అందుకని ఉమ్మనీరు తీసి మళ్లీ చూశారు, అంతా నార్మల్. పాప ఇప్పుడు ఎల్‌కేజీ.

నాలా మొజాయిక్ అందరికీ నిలుస్తుందని అనుకోకండి. మీరు అడగాల్సినవి మాత్రం ఇవి: నాకు ఎన్ని బ్లాస్టోసిస్టులు వస్తాయని అంచనా, రిపోర్ట్ సరిగ్గా రాకపోతే మళ్లీ కణాలు తీస్తారా, దానికి డబ్బు మళ్లీ కట్టాలా, మొజాయిక్ వస్తే పెడతారా లేక పారేస్తారా. కన్సెంట్ ఫారంలో ఆ చివరి దానికి ఒక లైను ఉంటుంది, సంతకం పెట్టేముందు ఇంటికి తెచ్చుకుని చదవండి.