టెక్ సందేహాలు: బేస్ గిటార్ తీగలు, బొబ్బలెక్కిన వేళ్లు, ఎస్సెమ్మెస్ అడిగే యాప్

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. పెళ్లి రిసెప్షన్లకు, జాతరలకు వాయించే ఆర్కెస్ట్రాలో నాది బేస్ గిటార్. ప్రోగ్రాం వీడియో పెడితే అందులో నా బేస్ వినపడదు. సౌండు బ్రైట్‌గా రావాలని స్టెయిన్‌లెస్ స్టీల్ రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టిన రకం) తీగలు వేశాను. ఇప్పుడు నాలుగు పాటలకే వేళ్లు బొబ్బలెక్కుతున్నాయి. బ్రైట్‌గా పలుకుతూ వేళ్లకు హాయిగా ఉండే తీగలేవి? ఇంకో మాట. తీగలతో పనిలేదు, యాంప్లిఫయరులా సౌండు మార్చే ఈ యాంప్ యాప్ వేసుకో చాలని ఒక ఫ్రెండు వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ప్లే స్టోరుతో పనిలేకుండా యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైలు) పంపాడు. అది ఎస్సెమ్మెస్ పర్మిషన్ అడుగుతోంది. ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వకండి. తీగల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇది తేలాలి.

యాంప్ యాప్‌కు కావలసింది మైకు. మహా అయితే రికార్డింగులు దాచుకోవడానికి కాస్త స్టోరేజీ. మీకొచ్చే మెసేజీలతో దానికేం పని? డబ్బులు పెట్టి కొనాల్సిన యాప్‌ను పగలగొట్టి ఉచితంగా ఇస్తున్నామంటూ తిరిగే ఫైళ్లలో ఇదే ఎత్తు. ఎస్సెమ్మెస్ చదివే అనుమతి దొరికితే బ్యాంకు పంపే ఓటీపీ నేరుగా అవతలివాళ్ల చేతికి పోతుంది. యాక్సెసిబిలిటీ అనుమతి అంతకన్నా ప్రమాదం. చూపు సరిగా లేనివాళ్లు ఫోను వాడుకోవడానికి పెట్టిన సదుపాయం అది. దాన్ని దొంగ యాప్ చేతికిస్తే తెర మీద ఉన్నదంతా చదువుతుంది, మీ బదులు బటన్లు కూడా నొక్కుతుంది. నోటిఫికేషన్లు చదివే అనుమతీ ఇలాంటిదే.

పంపింది తెలిసినవాడే కదా అని చాలామంది రాస్తుంటారు. ఆ తెలిసినవాడి ఫోనే దొంగల చేతిలో ఉంటే, అతనికి తెలియకుండానే అతని నంబరు నుంచి గ్రూపులన్నిటికీ ఫైలు వెళ్లిపోతుంది. పైగా మీ అడ్వాన్సులు, పేమెంట్లు అన్నీ యూపీఐలో వచ్చేది ఇదే ఫోనుకు. ముహూర్తాల సీజనులో నెల సంపాదనంతా ఒకే అకౌంటులో ఉంటుంది. అందుకే మీలాంటివాళ్ల గురించి నాకు ఎక్కువ భయం.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ముందు మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపండి. ఇంకో ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి అకౌంటును ఆపించండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ జాబితాలు తెరిచి ఆ యాప్‌ను ఆఫ్ చేశాకే తీసేయండి. లేకపోతే తీసేయనివ్వదు. తర్వాత ఫొటోలు పక్కన పెట్టుకుని ఫోను మొత్తం రీసెట్ చేయడం మేలు. డబ్బు పోయినట్టు కనిపిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గంట ఆలస్యమైతే ఆ డబ్బు నాలుగు అకౌంట్లు దాటిపోతుంది.

తీగల శ్రుతి చూసే ట్యూనర్ యాప్‌ల విషయంలోనూ నాది ఇదే మాట. మైకు అనుమతి ఒక్కటే, అదీ ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని ఇవ్వండి. ఆండ్రాయిడ్ 12 నుంచి మైకు పనిచేస్తుంటే తెర పైమూలలో పచ్చ గుర్తు వెలుగుతుంది. ట్యూనర్ మూసేశాక కూడా అది వెలుగుతూ ఉంటే ఏ యాప్ వింటోందో చూడండి. స్టేజీ మీదికైతే గిటార్ తలకు తగిలించే క్లిప్ ట్యూనర్ కొనుక్కోండి. అది కర్రలో అదురును పట్టుకుంటుంది కాబట్టి పక్కన డ్రమ్స్ మోగుతున్నా తడబడదు.

ఇక అసలు ఫిర్యాదు. వీడియోలో బేస్ వినపడదని చిత్తూరు నుంచి, పుత్తూరు నుంచి, చర్చి క్వైర్‌లో వాయించే పిల్లల నుంచి పదే పదే ఉత్తరాలొస్తున్నాయి. అందరూ తప్పు తీగల మీదే వేస్తున్నారు. బేస్‌లో లావు తీగ, అంటే ‘E’ తీగ, సెకనుకు 41 సార్లు అదురుతుంది. గోరంత ఫోను స్పీకరు ఆ 41 హెర్ట్జ్‌ను పలకలేదు. అదే తీగలోంచి 82, 123, 164 హెర్ట్జ్ ఇలా రెట్టింపులు, మూడింతలు కూడా పుడతాయి. చిన్న స్పీకరులో ఆ పై స్వరాలు వినపడితే, లేని అడుగు స్వరాన్ని మన చెవే పూరించుకుంటుంది. బ్రైట్ తీగలో ఈ పై స్వరాలు ఎక్కువ కాబట్టి మీ ఆలోచన కొంతవరకు సరైనదే. కానీ దాన్ని ఫోను మధ్యలో చెడగొడుతోంది.

వీడియో రికార్డింగులో గాలి శబ్దం, ఫ్యాను శబ్దం తగ్గించే ఏర్పాటు ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంటోంది. అది మనిషి మాటను నిలబెట్టడానికి చేసిన పని. ఒకే తీరుగా సాగే లోతైన శబ్దాన్ని రొద అనుకుని నొక్కేస్తుంది. మాట్లాడేవాళ్లకు అది వరమే, వాయించేవాళ్లకు మాత్రం శాపం. కొన్ని ఫోన్లలో దాన్ని ఆపే బటను ఎక్కడుందో వెతికి వెతికి విసుగొస్తుంది, కొన్నిట్లో ఆ బటనే లేదు. ఒక అప్‌డేట్ వచ్చిన రాత్రి నుంచి మన రికార్డింగు తీరు మారిపోతుంది, ఆ సంగతి ఫోను కంపెనీలవాళ్లు మనకు ఒక్క ముక్క చెప్పరు. మన దేశంలో ఇంటింటా తంబురా, మృదంగం, డప్పు మోగుతుంటే, వీడియోలో ‘సంగీతం’ అని ఒక్క ఆప్షన్ పెట్టడానికి వాళ్లకు వచ్చిన కష్టమేంటో నాకు అర్థం కాదు. మీ వరకు దారి ఒకటుంది. మిక్సర్ నుంచి వచ్చే లైనును చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మిక్సర్ శబ్దాన్ని ఫోనుకు అందించే డబ్బా) ద్వారా ఫోనుకు ఇవ్వండి, లేదా విడిగా రికార్డు చేసి వీడియోకు కలపండి. వైరు లేని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వాయించకండి, శబ్దం ఆలస్యంగా చేరి చేయి ఒక దగ్గర, శబ్దం ఒక దగ్గర ఉంటాయి.

వేళ్ల నొప్పికి ముందు అడగాల్సింది ఏ చేయి అని. ఫ్రెట్ల (మెడ మీది లోహపు గీతల) దగ్గర తీగ నొక్కే చేయి నొస్తుంటే, ఫ్రెట్ల మీద తీగ ఎంత ఎత్తున ఉందో చూడాలి. మొన్న మా ఇంటికి ఒక కుర్రాడు ఇలాగే తీగలు మార్చీ మార్చీ విసిగిపోయి గిటార్ తెచ్చాడు. కొలిచే పరికరం లేక, ఉబ్బెత్తు అంకెలు లేని పాత ఏటీఎం కార్డులు తీశాం. ఒక్కో కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. పన్నెండో ఫ్రెట్ మీద, లావు తీగ కింద మూడు కార్డుల దొంతర, అంటే సుమారు 2.3 మిల్లీమీటర్లు, తీగను తాకీ తాకనట్టు పట్టాలి. అతని గిటార్‌లో ఐదు కార్డులు పెట్టినా ఇంకా సందుంది. అంత ఎత్తున ఉంటే ఏ తీగ వేసినా వేళ్లు కాయలు కాయక తప్పదు. బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే భాగం) దగ్గర చిన్న స్క్రూలు తిప్పి దించాం, అదే తీగలతో అరగంట వాయించాడు.

మీటే చేయి బొబ్బలెక్కుతుంటే కారణం వేరే. స్టేజీ మీద మీ సౌండు మీకే వినపడక తీగను గట్టిగా లాగుతున్నారు. మానిటరును (వాయించేవాళ్లకు వినిపించే స్టేజీ స్పీకరును) మీ వైపు తిప్పించుకోండి, యాంప్ కాస్త పెంచి వేలును తేలిగ్గా ఆనించండి. బ్రిడ్జికి దగ్గరగా మీటితే అదే తీగ ఇంకా ఖంగుమంటుంది.

తీగల విషయానికొస్తే, స్టీల్ తీగ పలుకు బాగుంటుంది, కానీ పైన గరుకు. వేలితో పాటు ఫ్రెట్లనూ తొందరగా అరగదీస్తుంది. మీ అవసరానికి నికెల్ పూత ఉన్న రౌండ్‌వౌండ్, 40-60-80-100 గేజ్ తీసుకోండి. ఈ అంకెలు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. మామూలుగా వచ్చే 45-105 సెట్టు కన్నా లాగుడు తక్కువ, పలుకు దాదాపు అంతే బ్రైట్. పాలిమర్ పూత ఉన్న రకం ఇంకా నున్నగా జారుతుంది, చెమటకు తట్టుకుంటుంది, ధర మాత్రం ఎక్కువ. మే నెలలో గంగమ్మ జాతర స్టేజీ మీద వాయించే చేతికి ఆ ఖర్చు దండగ కాదు. చదును పట్టీ చుట్టిన ఫ్లాట్‌వౌండ్ తీగ వేలికి పట్టులా ఉంటుంది. అమెరికా మోటౌన్ కంపెనీ పాటల్లో జేమ్స్ జేమర్సన్ వాయించింది అలాంటి తీగలతోనే. కానీ గుమ్మని మెత్తగా పలుకుతుంది, ఖంగుమనదు. మధ్యేమార్గంగా రౌండ్‌వౌండ్ పైభాగాన్ని చదునుగా అరగదీసిన తీగలు దొరుకుతాయి. నికెల్ తర్వాత కూడా మంట తగ్గకపోతే అవి చూడండి.

కొనేముందు నట్ (గిటార్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా కొలిచి రెట్టింపు చేయండి. 34 అంగుళాలు వస్తే లాంగ్ స్కేల్, 30 వస్తే షార్ట్ స్కేల్ సెట్టు. పలచటి తీగలు వేశాక మెడ కాస్త వెనక్కి వాలి, తీగలు ఫ్రెట్లకు తగిలి జివ్వుమనొచ్చు. మెడ లోపలి కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, పావు చుట్టు వదులు చేస్తే సర్దుకుంటుంది. ఎప్పుడూ చేయకపోతే తెలిసినవాళ్ల పక్కన ఉండి చేయండి. విప్పిన స్టీల్ తీగలు పారేయకండి. పొడిగుడ్డతో తుడిచి, చుట్టి గిటార్ బ్యాగులో పెట్టుకోండి. నడి ప్రోగ్రాంలో తీగ తెగితే ఆ రాత్రికి అవే దిక్కు.