టెక్ సందేహాలు: స్పెక్ట్రం గీతకు తోకెందుకొస్తుంది?

ప్రశ్న: 500 మి.మీ. వక్రతా వ్యాసార్థం, మి.మీ.కి 600 గీతలు, 20 మి.మీ. వెడల్పు ఉన్న పుటాకార గ్రేటింగ్‌తో (కాంతిని రంగులుగా విడదీసే సన్నగీతల అద్దం) స్పెక్ట్రోమీటర్ కట్టాను. టీసీడీ1304 సెన్సర్ (ఒకే వరుసలో పిక్సెళ్లు ఉండేది), దాని మధ్యలో పడేది 550 నానోమీటర్ల కాంతి. సీఎఫ్ఎల్ బల్బు పెడితే గీతలకు ఒకవైపు తోక, సెన్సర్ అంచుల్లో మసక. వెలుతురూ చాలడం లేదు. సెన్సర్ ఎంత జరిపినా లాభం లేదు.
– ఎమ్మెస్సీ విద్యార్థి, తిరుపతి

జవాబు: ఇవి మూడు వేర్వేరు లోపాలు. సెన్సర్ ఒక్కటీ జరిపితే మూడూ పోవు.

ముందు తోక సంగతి. అది కోమా, అంటే బొమ్మ ఒకవైపుకు సాగే దోషం. 1882లో భౌతిక శాస్త్రవేత్త రోలాండ్ చూపిన వృత్తం మీద (గ్రేటింగ్ మధ్యను తాకుతూ, దాని వక్రతా వ్యాసార్థమే వ్యాసంగా ఉండేది; మీ గ్రేటింగ్‌కు 500 మి.మీ.) స్లిట్ (కాంతి లోపలికొచ్చే సన్నని చీలిక), సెన్సర్ రెండూ ఉంటే ఫోకస్ దోషం, కోమా రెండూ పోతాయి. పతన కోణం 19.3 డిగ్రీలు. గ్రేటింగ్ నుంచి స్లిట్‌కు 472 మి.మీ., సెన్సర్ మధ్యకు 500. స్లిట్ పక్కకు తప్పినా సెన్సర్‌ను జరిపి ఫోకస్ తెచ్చుకోవచ్చు, కానీ కోమా అలాగే ఉండిపోతుంది. మీరు చిక్కుకున్నది ఇక్కడే. కాబట్టి ముందు స్లిట్ దూరం కొలిచి సరిచేయండి. ఇంకా తోక మిగిలితే నల్లకాగితంతో గ్రేటింగ్ వెడల్పును 10 మి.మీ.కి తగ్గించండి. వెలుతురు సగమవుతుంది, కోమా నాలుగో వంతుకు పడిపోతుంది.

అంచుల మసకకు కారణం, ఫోకస్ వంపు మీద పడుతుంటే సెన్సర్ బల్లపరుపుగా ఉండటం. చివర్లలో తేడా 0.43 మి.మీ., అంటే రెండు పిక్సెళ్ల మసక. సెన్సర్‌ను 0.2 మి.మీ. గ్రేటింగ్ వైపు జరిపితే ఆ తేడా మధ్యకూ అంచులకూ సగం సగం పంచుకుపోతుంది.

వెలుతురు పోయేది ఆస్టిగ్మాటిజం వల్ల, అంటే నిలువు ఫోకస్, అడ్డం ఫోకస్ వేర్వేరు దూరాల్లో పడటం వల్ల. రోలాండ్ వృత్తం దీన్ని తీర్చదు. మీ అమరికలో నిలువు ఫోకస్ సెన్సర్ వెనక 65 మి.మీ. దూరాన పడుతోంది. అందుకే స్లిట్‌లోని ఒక్కో చుక్కా 2.3 మి.మీ. ఎత్తు గీత అవుతుంది; పిక్సెల్ ఎత్తేమో 0.2 మి.మీ. సెన్సర్‌కు 19 మి.మీ. ముందు 25 మి.మీ. ఫోకల్ దూరం ఉన్న స్థూపాకార కటకం పెట్టండి, దాని అక్షం సెన్సర్ పొడవుకు సమాంతరంగా ఉండాలి. ఆ కటకం గాజు 3 మి.మీ. మందం ఉంటే అడ్డం ఫోకస్ ఒక మి.మీ. వెనక్కి పోతుంది, సెన్సర్‌ను కూడా అంత వెనక్కి జరపాలి.

స్లిట్ ఎత్తు 1 మి.మీ. చాలు. 3 మి.మీ. స్లిట్ ఒక్క డిగ్రీ వాలినా గీత ఆరు పిక్సెళ్లు వెడల్పవుతుంది. సీఎఫ్ఎల్ కాంతిలోని 546 నానోమీటర్ల గీత అతి సన్నగా కనిపించేదాకా స్లిట్‌ను తిప్పండి.

అడుగు పలక అక్రిలిక్ అయితే మార్చేయండి. 10 డిగ్రీల వేడికి అల్యూమినియం 500 మి.మీ.కి 0.11 మి.మీ. సాగుతుంది, అక్రిలిక్ దానికి మూడింతలు. మే నెల తిరుపతి ఎండలో పొద్దున సరిచేసిన ఫోకస్ మధ్యాహ్నానికి ఉండదు.

ప్రశ్న: పాత స్పెక్ట్రోఫోటోమీటర్‌లోని పుటాకార గ్రేటింగ్ వాడుకోవచ్చా?
– చిత్తూరు పాఠకుడు

జవాబు: వాడొచ్చు, విప్పేముందు స్లిట్, సెన్సర్ దూరాలు, కోణాలు కొలిచి రాసుకుంటే. వాటిలో చాలావరకు హోలోగ్రాఫిక్ రకం (లేజర్ కాంతితో గీతలు ఏర్పరచినవి). ఆ పరికరం అమరికకు తగ్గట్టు గీతల మధ్య దూరం మారుస్తూ చేసినవి కావచ్చు. అలాంటివాటిని రోలాండ్ వృత్తం మీద పెడితే ఫోకస్ ఇంకా పాడవుతుంది.